శివారు జనాభా, శివారు ఆదాయం: హైదరాబాద్ చుట్టూ అర్ధ శతాబ్దపు మార్పులపై సమీక్ష

రెవెన్యూ వ్యవహారంలో శివారు గ్రామమంటే ఒక పెద్ద గ్రామాన్ని అంటిపెట్టుకుని దాని పొలిమేరలో ఉండే చిన్న పల్లె. అలాంటి పల్లెకు వేరే లెక్కలుండవు; దాని జనమూ, భూమీ, శిస్తూ అసలు గ్రామం ఖాతాలోనే చేరతాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రాంతాలను కూడా జనం శివార్లనే పిలుస్తున్నారు గానీ, అక్కడ ఈ మాటకూ వాస్తవానికీ మధ్య పొంతన ఎన్నడో చెదిరిపోయింది. 2001, 2011 జనగణనల మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా 38.30 లక్షల నుంచి 39.43 లక్షలకు, అంటే మూడు శాతానికి లోపే పెరగగా, దాన్ని నాలుగు వైపులా చుట్టుకుని ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 35.75 లక్షల నుంచి 52.97 లక్షలకు, అంటే 48 శాతం పెరిగింది. రెండు జిల్లాల్లో కలిపి పెరిగిన జనంలో నూటికి 94 మంది రంగారెడ్డి లెక్కలోనే చేరారు. అంటే నగరం పెరిగిందని చెప్పుకున్న ఆ దశాబ్దంలో నిజానికి పెరిగింది శివారే.

ఇంత పెద్ద మార్పును చర్చించేటప్పుడు సాధారణంగా రెండు వాక్యాలు పక్కపక్కన వినిపిస్తాయి: శివార్లలో జనాభా విపరీతంగా పెరిగింది, శివార్లలో ఆదాయం విపరీతంగా పెరిగింది. రెండూ అబద్ధాలు కావు. అయితే మొదటి వాక్యం మనుషులు ఎక్కడ నివసిస్తున్నారో లెక్కించి చెప్పినది, రెండోది సంపద ఎక్కడ ఉత్పత్తవుతున్నదో లెక్కించి చెప్పినది. ఈ రెండు లెక్కల హద్దులు వేరు, కాలాలు వేరు, లెక్కలోకి వచ్చే మనుషులు కూడా వేరు. రెండింటినీ కలిపి చదివి, శివారు మనుషులు ధనికులయ్యారన్న నిర్ధారణకు రావడం ఎంతవరకు సబబో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

హద్దుల చిక్కు

శివారు జనాభాను కాలక్రమంలో పోల్చాలనుకునే వారికి మొదట ఎదురయ్యేది హద్దుల సమస్య. భారత జనగణన పట్టణాలను రెండు రకాలుగా గుర్తిస్తుంది. చట్టం ప్రకారం పురపాలక సంఘమో, నగరపాలక సంస్థో, కంటోన్మెంటో ఉన్నవి చట్టబద్ధ పట్టణాలు. అలాంటి పాలనా వ్యవస్థ లేకపోయినా కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది జనసాంద్రత, ప్రధాన పనివారైన పురుషుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర వృత్తుల్లో ఉండటం అనే మూడు షరతులు తీరినవి జనగణన పట్టణాలు. రెండో రకానివి దేశమంతటా 2001లో 1,362 ఉండగా 2011కు 3,894 అయ్యాయి. పాలన పంచాయతీది, బతుకు పట్టణానిది అయిన ఈ సంధి దశను హైదరాబాద్ చుట్టూ ఉన్న దాదాపు ప్రతి గ్రామమూ ఏదో ఒక కాలంలో దాటింది.

కూకట్‌పల్లి చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో చేరిన ఈ గ్రామం 1980లలో పురపాలక సంఘమైంది. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలనూ 8 గ్రామ పంచాయతీలనూ పాత నగరపాలక సంస్థతో కలిపి గ్రేటర్ హైదరాబాద్‌ను ఏర్పరచినప్పుడు నగరంలో ఒక సర్కిల్‌గా మారింది. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లింది. నాలుగు దశాబ్దాల్లో ఊరు కదలకుండానే దాని చిరునామా ఇన్నిసార్లు మారింది. సుమారు 170 చదరపు కిలోమీటర్ల పాత నగరం 2007 విలీనంతో ఆరు వందల చదరపు కిలోమీటర్లు దాటడంతో, 2001లో 36 లక్షలున్న నగర జనాభా 2011కు 67 లక్షలకు చేరినట్టు పట్టికల్లో కనిపిస్తుంది. ఈ పెరుగుదలలో కొత్తగా వచ్చిన జనమెంతో, కొత్తగా గీసిన గీత లోపలికి వచ్చిన పాత జనమెంతో విడదీయకుండా వృద్ధి రేటు చెప్పడం పొరపాటు. విలీనానికి ఆరేళ్ల ముందే, 2001లోనే, నగరాన్ని ఆనుకుని ఉన్న పురపాలక సంఘాల్లో దాదాపు 17 లక్షల మంది ఉన్నారు. వారిలో సుమారు 2.9 లక్షల మంది కూకట్‌పల్లివారు, 1.5 లక్షల మంది శేరిలింగంపల్లివారు. ఔటర్ రింగు రోడ్డు లోపలా దాన్ని ఆనుకునీ ఉన్న మరో 27 పట్టణ పాలక సంస్థలను నగరంలో కలపాలని 2025 చివరలో తీసుకున్న నిర్ణయంతో ఈ చిక్కు ఇంకొకసారి ముందుకు వచ్చింది.

2011 తర్వాత జనగణనే జరగలేదు కాబట్టి ఆ తర్వాతి మార్పును పరోక్ష ఆధారాల నుంచి ఊహించవలసి వస్తున్నది. వాటిలో కొంత నమ్మదగినది ఓటర్ల జాబితా. ఎందుకంటే 2008 పునర్విభజనలో ఏర్పడిన నియోజకవర్గాల హద్దులు అప్పటి నుంచి మారలేదు. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఉప్పల్, ఎల్.బి.నగర్, మేడ్చల్ వంటి శివార్లను కలుపుకున్న మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2019లో దాదాపు 31.5 లక్షల ఓటర్లుండగా 2024కు ఆ సంఖ్య 37.8 లక్షలకు చేరింది. గీత కదలని చోట ఐదేళ్లలో ఐదో వంతు పెరుగుదల ఇది. శేరిలింగంపల్లి శాసనసభ స్థానంలో 2023 నాటికి ఓటర్లే ఏడు లక్షలు దాటారు. సొంతూళ్లో ఓటు ఉంచుకున్న వలసదారులు ఈ జాబితాలో ఉండరు, ఇల్లు మారినవారి పేర్లు పాత చోట మిగిలిపోతాయి; అందువల్ల దీన్ని జనాభాగా కాక, పెరుగుదల ఏ దిశలో ఎంత వేగంతో సాగుతున్నదో చూపే సూచికగా మాత్రమే తీసుకోవాలి.

కర్మాగారం నుంచి కార్యాలయం దాకా

శివారు జనాభా ఒకే కారణంతో, ఒకే వేగంతో పెరగలేదు. స్థూలంగా మూడు దశలు కనిపిస్తాయి. ప్రతి దశలోనూ వచ్చినవారి ఆదాయ మూలం వేరు.

మొదటి దశ ప్రభుత్వరంగ పరిశ్రమలది. 1960, 70 దశకాల్లో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., చింతల్‌లో హెచ్.ఎం.టి., తూర్పు వైపున ఇ.సి.ఐ.ఎల్., అణు ఇంధన సముదాయం వెలిశాయి. వీటికి తోడు 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1974లో గచ్చిబౌలి వైపు కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. చవకగా, విశాలంగా భూమి దొరకడమే ఇవన్నీ నగరం బయట స్థిరపడటానికి కారణం. క్వార్టర్లు, భవిష్యనిధి, పెన్షను, కంపెనీ ఆసుపత్రి ఉన్న పర్మనెంటు ఉద్యోగి ఈ దశకు ప్రతినిధి. అతని జీతం మరీ ఎక్కువ కాదు గానీ నిలకడైనది. కార్మికుడికీ అధికారికీ మధ్య ఆదాయపు తేడా కూడా నేటి లెక్కలతో చూస్తే పరిమితమే.

రెండో దశ కాలనీలది. పరిశ్రమల ఉద్యోగులూ, ప్రభుత్వోద్యోగులూ, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మధ్యతరగతి కుటుంబాలూ సొంత ఇంటి కోసం శివార్లను వెతుక్కున్న కాలమిది. గృహనిర్మాణ మండలి కూకట్‌పల్లిలో నిర్మించిన కాలనీ ఈ దశకు గుర్తుగా నిలిచింది. అక్కడ ఇళ్ల వరసలకు ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అనే పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అవి వరసగా అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ వర్గాలను సూచిస్తాయి కాబట్టి, ఆదాయాన్ని బట్టి మనుషులను పక్కపక్కనే కూర్చోబెట్టాలన్న నాటి ప్రణాళికా దృష్టి ఆ పేర్లలో నిలిచిపోయిందని చెప్పవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వ్యవసాయ మిగులు పట్టణ భూమిలోకి, విద్యాసంస్థల్లోకి, నిర్మాణ రంగంలోకి మళ్లిన తీరును సామాజిక శాస్త్రజ్ఞులు పలువురు అధ్యయనం చేశారు. ఈ దశ చివర్లోనే మొదటి దశకు ఆధారమైన పరిశ్రమలు కొన్ని కుంగిపోయాయి, 1992లో ఐ.డి.పి.ఎల్. ఖాయిలా పరిశ్రమగా నమోదైంది, సనత్‌నగర్‌లోని ఆల్విన్ వంటివి ఆ దశాబ్దంలోనే మూతపడ్డాయి. ఫ్యాక్టరీ జీతంపై నిలిచిన కుటుంబాల్లో కొన్ని రెండో తరం చదువులతో నిలదొక్కుకోగా, మరికొన్ని చిల్లర వ్యాపారాల్లోకి, దినకూలీలోకి జారాయి.

మూడో దశ 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలైంది. 2001లో 17 గ్రామాలతో, సుమారు 52 చదరపు కిలోమీటర్ల పరిధిలో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డులో మొదటి భాగం వాడుకలోకి వచ్చాయి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో రైలు నడవగా, 2019లో అది హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం చేరింది. పారిశ్రామిక విధానాలే శివారు రూపాన్ని మలిచాయని లోరెన్ కెనడీ 2007లో ప్రచురించిన పరిశోధన వాదించింది, సి.రామచంద్రయ్య, షీలా ప్రసాద్ తదితరుల సంపాదకత్వంలో 2008లో వచ్చిన హైటెక్ నగర ప్రాంతాల అధ్యయనం ఈ పెరుగుదల ఎవరిని కలుపుకున్నది, ఎవరిని బయట ఉంచింది అన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినా ఈ ధార ఆగలేదు. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013–14లో 57,258 కోట్ల రూపాయలుండగా 2022–23కు 2.41 లక్షల కోట్లకు, ఆ రంగంలో ఉద్యోగులు 3.23 లక్షల నుంచి 9.05 లక్షలకు చేరారు.

ఎవరు వచ్చారు

ఒక ప్రాంతంలో జనాభా పెరగడానికి జననాలు మరణాలను మించడం ఒక దారి, వచ్చేవారు పోయేవారిని మించడం మరొక దారి. ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్యను మొత్తం సంతానోత్పత్తి రేటు అంటారు. వలస లేనప్పుడు జనాభా దీర్ఘకాలంలో నిలకడగా ఉండటానికి అది 2.1 ఉండాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అది 1.8 మాత్రమే. కాబట్టి పదేళ్లలో దాదాపు ఒకటిన్నర రెట్లయ్యే పెరుగుదలకు ఉయ్యాల కన్నా బస్టాండే ఎక్కువ కారణమని వేరే చెప్పనక్కరలేదు.

వచ్చినవారంతా ఒక తెగవారు కాదు. కొనుక్కోవడానికి వచ్చినవారున్నారు, అద్దెకుండటానికి వచ్చినవారున్నారు, కట్టడానికి వచ్చినవారున్నారు. ఐటీ ఉద్యోగులూ, ఉద్యోగాల వేటలో కోర్సులు నేర్చుకునే యువతీయువకులూ హాస్టళ్లలో, షేరింగు గదుల్లో ఉంటారు. జనగణన హాస్టళ్లను సంస్థాగత గృహాలనే వేరే పద్దులో చేరుస్తుంది కాబట్టి, కుటుంబాల సగటు పరిమాణం వంటి లెక్కల్లో వీరు కనబడరు. ఆ అపార్ట్‌మెంట్లను కట్టినవారిలో పాలమూరు కూలీలు మొదటి తరం. తర్వాతి తరంలో ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి మేస్త్రీల వెంట వచ్చినవారు ఎక్కువయ్యారు. వారి రేకుల షెడ్లు కట్టడంతో పాటే లేచి కట్టడంతో పాటే మాయమవుతాయి. కట్టడం పూర్తయ్యాక సెల్లార్‌లో ఒక గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం, పై అంతస్తుల్లో పనికి వెళ్లే ఆ ఇంటి ఇల్లాలు, పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీ, పార్సిల్ పెట్టెతో తిరిగే డెలివరీ కుర్రాడు, వీరంతా అదే శివారు జనాభాలో భాగం. ఒక పెద్ద జీతం శివారుకు వచ్చినప్పుడు దాని వెంట వంట, ఇల్లు శుభ్రం, కాపలా, కారు నడపడం వంటి చిన్న జీతాలు కొన్ని తప్పకుండా వస్తాయి. అందువల్ల ఆదాయ వ్యత్యాసం ఈ శివార్లలో అనుకోకుండా ఏర్పడినది కాదు, పెద్ద జీతాల జీవనశైలి నడిచే పద్ధతిలోనే ఇమిడి ఉన్నది.

ఆదాయాన్ని కొలవడంలో పొరపాట్లు

భారత జనగణన ఎవరి ఆదాయాన్నీ అడగదు. ఇంట్లో టీవీ, రెండు చక్రాల బండి, కారు, బ్యాంకు ఖాతా ఉన్నాయా అని మాత్రమే అడుగుతుంది. జాతీయ నమూనా సర్వే సంస్థ ఆదాయం కాక వినియోగ ఖర్చును లెక్కిస్తుంది. 2022–23 సర్వేలో తెలంగాణ పట్టణాల్లో తలసరి నెలవారీ ఖర్చు 8,158 రూపాయలు, పల్లెల్లో 4,802 రూపాయలు. ఈ సర్వే నమూనా రాష్ట్రానికి సరిపోతుంది గానీ ఒక మండలానికో వార్డుకో విడదీసి చెప్పేంత పెద్దది కాదు. దాంతో పత్రికలూ పాలకులూ ఎక్కువగా వాడేది జిల్లా తలసరి ఆదాయం.

ఈ అంకె అర్థాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. ఒక జిల్లా హద్దుల్లో ఒక ఏడాదిలో ఉత్పత్తయిన వస్తువుల, సేవల నికర విలువను అక్కడి జనాభాతో భాగించగా వచ్చేదే జిల్లా తలసరి ఆదాయం. అది ఆ జిల్లాలో నివసించే మనిషి చేతికి అందే డబ్బు కాదు. 2022–23లో రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం తొమ్మిది లక్షల రూపాయలు దాటగా హైదరాబాద్ జిల్లాది సుమారు అయిదు లక్షలు, వికారాబాద్ జిల్లాది రెండు లక్షల లోపు. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడల్లోని కార్యాలయాల ఉత్పత్తి అంతా రంగారెడ్డి పద్దులో పడుతుంది. ఆ కార్యాలయాల్లో పనిచేసేవారిలో కూకట్‌పల్లిలో, నిజాంపేటలో కాపురముండేవారు జనాభా లెక్కలో మేడ్చల్-మల్కాజిగిరి పద్దులో పడతారు. ఒక జిల్లా లవమూ మరొక జిల్లా హారమూ కలగలిసినట్టుంది ఈ లెక్క. పైగా కంపెనీ లాభాల్లో పెద్ద వాటా వాటాదారులతో పాటు దేశాలు దాటిపోతుంది.

హద్దుల మార్పు ఇక్కడ కూడా తన పని తాను చేసింది. ఇప్పటి రంగారెడ్డి, వికారాబాద్, మేడ్చల్-మల్కాజిగిరి మూడింటిలో చాలా భాగం 2016కు ముందు ఒకే జిల్లా. తాండూరు, పరిగి వైపు మెట్ట సేద్యాన్ని, గచ్చిబౌలి అద్దాల మేడలను ఒకే సగటు కప్పి ఉంచిన రోజుల్లో రెండూ కనబడేవి కావు. విభజన తర్వాత రాష్ట్రంలో అత్యధిక తలసరి ఆదాయం గల జిల్లా, అట్టడుగు వరసలో ఉన్న జిల్లా పక్కపక్కన నిలిచాయి. నిజానికి కొత్త రంగారెడ్డి లోపల కూడా అదే దృశ్యం ఉంది. పాతబస్తీలో ఇరుకు పెరిగి దక్షిణానికి జరిగిన పేద ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న జల్‌పల్లి ఆ జిల్లాదే. మంచాల, యాచారం వంటి వ్యవసాయ మండలాలూ ఆ జిల్లావే.

సగటు చాటున

శివారు ఆదాయంపై జరిగే చర్చలో ఎక్కువ మంది దాటేసే అంశం కూర్పు ప్రభావం. ఒక సమూహపు సగటు మారడానికి అందులోని వ్యక్తుల పరిస్థితి మారనక్కరలేదు, సమూహంలోని వ్యక్తులు మారితే చాలు అన్నదే దీని సారం. ఊహకు ఒక లెక్క తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. నెలకు 15,000 రూపాయల ఆదాయమున్న వంద కుటుంబాల ఊరికి 1,50,000 రూపాయల ఆదాయమున్న యాభై కుటుంబాలు వచ్చి చేరితే, ఊరి సగటు ఆదాయం 60,000కు, అంటే నాలుగింతలకు పెరుగుతుంది. పాత వంద కుటుంబాల్లో ఒక్కరి ఆదాయం కూడా ఒక్క రూపాయి పెరగనక్కరలేదు. ఆదాయాల వరుసలో సరిగ్గా నడిమి కుటుంబం ఆదాయాన్ని మధ్యస్థం అంటారు. అది అప్పటికీ 15,000గానే ఉంటుంది కాబట్టి సగటు కన్నా మధ్యస్థం నమ్మదగినదని గణాంకవేత్తలు చెబుతారు. అయితే అద్దెలు భరించలేక పాత కుటుంబాల్లో అరవై ఊరు విడిచి వెళ్తే మధ్యస్థం కూడా 1,50,000కు ఎగబాకుతుంది. పేదలు వెళ్లిపోవడం పేదరికం తగ్గడంలా కనిపించే స్థితి ఇది. మధ్యస్థం కూడా దాన్ని పట్టుకోలేదు. వెళ్లిపోయిన అరవై కుటుంబాలు ఎక్కడున్నాయో, ఎలా ఉన్నాయో వెతికితే తప్ప ఆ ఊరి ఆదాయ కథ పూర్తికాదు.

సైబరాబాద్ కింద కలిసిపోయిన గ్రామాల పాత కాపురస్థుల గతులు మూడు విధాలుగా విడిపోయాయి. పట్టా భూమి ఉన్నవారిలో తొందరపడి ఎకరాల లెక్కన అమ్ముకున్నవారు ఒక రకం, ఆగి గజాల లెక్కన అమ్ముకున్నవారు ఇంకొక రకం. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు కుటుంబాల మధ్య తేడాకు తరచుగా అమ్మిన సంవత్సరమే కారణం. గ్రామకంఠంలో, అంటే రెవెన్యూ పటంలో పూర్వం నుంచి ఇళ్ల కోసం ఉన్న స్థలంలో, పాత ఇల్లు మిగుల్చుకున్నవారు రెండో వర్గం. వారు ఆ ఇంటి మీద నాలుగు అంతస్తులు లేపి హాస్టలుకో బ్యాచిలర్లకో అద్దెకిచ్చి అద్దె ఆదాయంపై బతుకుతున్నారు. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ పాత వీధుల్లో ఇప్పటికీ ఇది కనిపిస్తుంది. భూమి లేనివారూ, అమ్మే హక్కు లేని అసైన్డ్ భూమి మాత్రమే ఉన్నవారూ మూడో వర్గం. పొలం ఉన్నప్పుడు పొలం పనీ, పశువుల మేతా, చెరువు చేపా వీరికి ఆదరువు. పొలం ప్లాటయ్యాక ఆ ఆదరువు పోయింది, పరిహారంలోనూ వీరి వాటా స్వల్పమే. ఈ మూడు వర్గాలనూ స్థానికులన్న ఒకే మాటతో పిలవడం వల్ల మొదటి రెండు వర్గాల వైభవం మూడో వర్గానికి కూడా అంటగట్టబడుతున్నది.

దిక్కులను బట్టి కూడా ఈ చిత్రం మారుతుంది. పడమటి శివారు ఐటీ జీతాలది. తూర్పున ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి, ఎల్.బి.నగర్ ప్రాంతాలు ప్రభుత్వరంగ, రైల్వే, రక్షణ ఉద్యోగుల, ఉపాధ్యాయుల, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వచ్చిన చిన్న వ్యాపారుల ఇలాకా. అక్కడ ఆదాయం నిదానంగా పెరిగింది, పెన్షన్లపై నడిచే ఇళ్లు ఎక్కువ. ఉత్తరాన జీడిమెట్ల, కుత్బుల్లాపూర్ చిన్న పరిశ్రమల కార్మికులవి. దక్షిణాన విమానాశ్రయపు విశాలమైన రోడ్డుకు కొద్ది దూరంలోనే జల్‌పల్లి వంటి బస్తీలున్నాయి. కాబట్టి హైదరాబాద్ శివారు అని ఏకవచనంలో మాట్లాడటమే ఒక పొరపాటు.

భూమి: ఆదాయం కాని సంపద

జీతం ఏటా వచ్చే ప్రవాహమైతే భూమి నిల్వ ఉన్న సంపద. శివారులో కుటుంబాల తారతమ్యాన్ని జీతం కన్నా భూమి ఎక్కువగా నిర్ణయించింది. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్.ఎం.డి.ఎ.) నిర్వహించిన కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ఎకరం అత్యధికంగా 100.75 కోట్ల రూపాయలకు పోయింది. ఎకరాలు, గుంటలు లెక్కించిన చోట గజాలు, గజాలు లెక్కించిన చోట చదరపు అడుగులు కొలమానమయ్యాయి. ఈ ధరలకు ఇక్కడి జీతాలొక్కటే ఆధారం కాదు. అమెరికాలోని డాలస్ శివార్లు ఫ్రిస్కో, ప్లేనో వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పొదుపు కూడా కొండాపూర్, నార్సింగి ఫ్లాట్లలోకి వస్తున్నది. అక్కడి శివారు ఆదాయం ఇక్కడి శివారు ధరను నిర్ణయిస్తున్నప్పుడు, మధ్యలో ఉన్న స్థానిక జీతగాడికి సొంత ఇల్లు అందని పండవుతుంది.

ధర పెరుగుదల పేదలను ఇంకా బయటి వలయానికి నెడుతుంది. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు రెండు పడకగదుల ఇళ్ల సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. పక్కా ఇల్లు దొరకడం పేద కుటుంబానికి చిన్న మేలు కాదు. అయితే ఆ సముదాయం సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు అవతల ఉన్నది. ఇళ్లలో పనిచేసే స్త్రీకి, అడ్డా కూలీకి పని దొరికేది నగరం లోపల. ఇంటి అద్దె మిగిలిన చోట దారి ఖర్చూ, దారిలో పోయే పొద్దూ కొత్త ఖర్చులవుతాయి. మరోవైపు 1996 నాటి 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించడం వల్ల, నగరానికి అంత దగ్గరగా ఉండి కూడా ఆ గ్రామాలు చాలాకాలం వ్యవసాయంలోనే ఉన్నాయి. ఒక ప్రభుత్వ ఉత్తర్వు పొరుగు ఊళ్ల ఆదాయాలను రెండు దారులు పట్టించగలదనడానికి కోకాపేట వేలం ధరలకూ, దానికి కాస్త దూరంలోని ఆ గ్రామాల ధరలకూ ఉన్న అంతరమే నిదర్శనం.

సిద్ధాంతాలు ఎంతవరకు పనికొస్తాయి

శివారు మార్పును వివరించే తొలి సిద్ధాంతాలు అమెరికా నగరాల నుంచి వచ్చాయి. 1925లో ఎర్నెస్ట్ బర్జెస్ షికాగోను చూసి నగరాన్ని కేంద్రం చుట్టూ వలయాలుగా ఊహించాడు. పేదలు లోపలి వలయంలో, సంపన్నులు బయటి వలయంలో ఉంటారన్నాడు. 1939లో హోమర్ హోయిట్ ఆదాయ వర్గాలు వలయాలుగా కాక, రవాణా మార్గాల వెంట కేంద్రం నుంచి బయటికి చీలికలుగా విస్తరిస్తాయని సవరించాడు. 1959లో హూవర్, వెర్నన్ న్యూయార్క్ పరిసరాలను పరిశీలించి ప్రతి పేటకూ పుట్టుక, ఎదుగుదల, క్షీణత, పునర్నవీకరణ అనే దశలుంటాయన్నారు. అమెరికా శివార్లే తర్వాత పేదరికానికి నెలవులు కావడాన్ని ఎలిజబెత్ నీబోన్, అలన్ బెరూబే 2013 నాటి పుస్తకంలో చర్చించారు.

హైదరాబాద్‌కు వలయాల నమూనా నప్పదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, కోకాపేట దాకా పడమటి వైపు సాగిన సంపన్న చీలిక హోయిట్ చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఈ సిద్ధాంతాలన్నీ శివారును ఖాళీ భూమిగా భావించి మొదలవుతాయి. ఆసియా నగరాల అంచున అప్పటికే ఊళ్లుంటాయని, పల్లె పనీ పట్టణ పనీ ఒకే చోట కలిసి ఉంటాయని 1991లో టెరీ మెక్‌గీ చేసిన ప్రతిపాదన ఇక్కడికి ఎక్కువ వర్తిస్తుంది. గ్రామకంఠపు సందులు అద్దాల మేడల నడుమ మిగిలి ఉండటం, అమెరికా శివారులో లేనిదీ హైదరాబాద్ శివారులో ఉన్నదీ ఏమిటో చెబుతున్నది.

పేటల జీవిత దశల సిద్ధాంతం భవిష్యత్తు గురించి చేసే హెచ్చరికను మాత్రం కొట్టిపారేయలేము. ఒకే వయసువారు ఒకేసారి వచ్చి స్థిరపడిన కాలనీ ఒకేసారి ముసలిదవుతుంది. తూర్పు శివార్లలో, పాత గృహనిర్మాణ మండలి కాలనీల్లో పిల్లలు విదేశాల్లో ఉండి పెద్దలే మిగిలిన ఇళ్లు ఇప్పటికే తక్కువేమీ కాదు. జీతం తెచ్చే వయసువారికి రోడ్డూ మెట్రో ముఖ్యమైతే, ఈ ఇళ్లకు నడవదగిన బాటా దగ్గరలో ఆసుపత్రీ ముఖ్యం. సగటు ఆదాయాన్ని చూసి వేసే ప్రణాళికలో ఈ తేడాకు చోటుండదు.

సేవలు, లెక్కలు

జనం ముందు వచ్చి, సేవలు తర్వాత రావడం ఈ శివార్ల ఆనవాయితీ. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి జలాలు చేరేదాకా ఉత్తర, పశ్చిమ శివార్లలో చాలా కాలనీలు బోరు బావులమీద, ట్యాంకర్ల మీద నడిచాయి. గేటెడ్ కమ్యూనిటీ తన నీటిని, కరెంటు బ్యాకప్‌ను, కాపలాను తానే కొనుక్కోగలదు. పక్క బస్తీ కొనుక్కోలేదు. రెండింటికీ ఒకే వార్డు, ఒకే సగటు. ఆ సగటు ఆధారంగా నిధులు కేటాయించినప్పుడు సంపన్న వార్డుగా ముద్రపడిన చోట ఉండే పేద కుటుంబం, పేద వార్డులోని పేద కుటుంబం కన్నా ఎక్కువ నష్టపోతుంది.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోయే జనగణన పదహారేళ్ల ఖాళీని పూరిస్తుంది. దాని ఫలితాలను కొత్త నగర హద్దుల్లో మాత్రమే ప్రచురిస్తే, 2007 నాటి గందరగోళమే మరింత పెద్దగా పునరావృతమవుతుంది. పాత పురపాలక సంఘాల, గ్రామాల హద్దుల్లో కూడా ఆ లెక్కలను విడిగా ఇవ్వడం, జిల్లా తలసరి ఆదాయంతో పాటు నివాసాన్ని బట్టి కుటుంబ ఆదాయాన్ని అంచనా వేసే నమూనా సర్వేను శివార్ల స్థాయిలో జరపడం, భూసేకరణ వల్లా అద్దెల వల్లా కదిలిన కుటుంబాల జాడను కొంతకాలమైనా నమోదు చేయడం అనే మూడు పనులు ప్రభుత్వ గణాంక శాఖలకు అసాధ్యమైనవి కావు.

అర్ధ శతాబ్దపు ఆధారాలను కలిపి చూసినప్పుడు తేలేది ఇది. హైదరాబాద్ శివార్లలో సంపద పెరిగింది, అందులో సందేహం లేదు. దాన్ని తెచ్చినవారిలో అత్యధికులు కొత్తగా వచ్చినవారు, దాన్ని పంచుకున్న పాతవారు భూమి ఉన్నవారు. మిగిలినవారి బతుకు మెరుగుపడిందని చెప్పడానికి తలసరి ఆదాయపు అంకె రుజువు కాదు. ఆ రుజువు దొరకాలంటే ఊరి సగటును కాక, ఆ ఊళ్లో 1998లో ఉన్న కుటుంబం నేడు ఎక్కడున్నదో లెక్కించాలి. అలాంటి లెక్క ఇంతవరకు ఏ ప్రభుత్వ పట్టికలోనూ లేదు.